ఉభయచరాల పరిశీలన

ఉభయచరాల పరిశీలన అనగా కప్పలు, గోదురుకప్పలు, సాలమాండర్లు మొదలైన జీవులను వాటి సహజ నివాసాలలోనే, వాటికి హాని కలుగకుండా చూసి, వాటి అరుపులను విని, ఆ వివరాలను క్రమపద్ధతిలో వ్రాసి భద్రపరచడం. పక్షుల పరిశీలన వలె ఇది కూడా విద్యార్థులు, ఉపాధ్యాయులు, ప్రకృతి ప్రియులు ఎవరైనా చేయదగిన పని. దీనికి ఖరీదైన పరికరాలు అవసరం లేదు. ఒక టార్చిలైటు, ఒక నోటుపుస్తకం, కొంత ఓపిక ఉంటే చాలు. అభయారణ్యాలు, జాతీయ ఉద్యానాలతో పాటు ఊరి చెరువు, పొలం గట్టు, బడి ఆవరణలోని నీటిగుంట కూడా పరిశీలనకు తగిన స్థలాలే.

ఉభయచరాలు - పరిచయం

జీవితంలో కొంత భాగం నీటిలోను, కొంత భాగం నేలమీద గడిపే వెన్నెముక గల జంతువులను ఉభయచరాలు అంటారు. ఇవి శీతల రక్త జీవులు. అనగా వీటి శరీర ఉష్ణోగ్రత పరిసరాల ఉష్ణోగ్రతను బట్టి మారుతుంది. వీటి చర్మంపై పొలుసులు, ఈకలు, వెంట్రుకలు ఉండవు. పలుచని తడి చర్మం ద్వారా ఇవి కొంతవరకు శ్వాసిస్తాయి, నీటిని కూడా పీల్చుకుంటాయి. ఈ కారణం వలననే నీటిలోని, నేలలోని విషపదార్థాల ప్రభావం వీటిపై త్వరగా కనిపిస్తుంది.

ప్రపంచంలో ఇప్పటివరకు 8,000కు పైగా ఉభయచర జాతులను గుర్తించారు. భారతదేశంలో 400కు పైగా జాతులు ఉన్నాయి. వీటిని మూడు క్రమాలుగా విభజించారు.

1. అనూరా: తోకలేని ఉభయచరాలు. కప్పలు, గోదురుకప్పలు ఈ క్రమానికి చెందినవి. మొత్తం ఉభయచరాలలో పదింట తొమ్మిది వంతుల వరకు ఇవే.
2. కాడేటా: తోక గల ఉభయచరాలు. సాలమాండర్లు, న్యూట్‌లు ఇందులోనివి. దీనిని యూరోడెలా అని కూడా వ్యవహరిస్తారు.
3. జిమ్నోఫియోనా: కాళ్ళు లేని ఉభయచరాలు. వీటిని సిసీలియన్లు అంటారు. చూడటానికి పెద్ద వానపాముల వలె ఉండి, మట్టిలో జీవిస్తాయి.

తెలుగు పేర్లు - శాస్త్రీయ నామాలు

కప్పకు సంస్కృతంలో మండూకం, దర్దురం, భేకం అనే పేర్లు ఉన్నాయి. తెలుగులో కప్ప అనేది అన్నిటికీ కలిపి వాడే మాట. గోదురుకప్ప, బోదురుకప్ప, బావురుకప్ప వంటి పేర్లను ఒక్కొక్క ప్రాంతంలో ఒక్కొక్క జాతికి వాడుతుంటారు. ఒక ఊరిలో ఇంటి గుమ్మం దగ్గర కనిపించే గరుకు చర్మపు కప్పకు వాడే పేరే మరొక ఊరిలో చెరువులోని పెద్ద కప్పకు వాడవచ్చు. అందువలన నోటుపుస్తకంలో వాడుక పేరుతో పాటు శాస్త్రీయ నామం కూడా వ్రాయడం మంచిది. ఈ వ్యాసంలో ఆంగ్లంలో టోడ్ అని పిలిచే జీవులకు గోదురుకప్ప అనే పేరు వాడబడింది.

శాస్త్రీయ నామాలు కూడా కాలక్రమేణా మారుతుంటాయి. పాఠ్యపుస్తకాలలో రానా టైగ్రినా అని చదువుకున్న కప్పను ఇప్పుడు హోప్లోబాట్రాకస్ టైగెరినస్ అంటారు. బ్యూఫో మెలనోస్టిక్టస్ అనే గోదురుకప్పకు ఇప్పటి పేరు డట్టాఫ్రైనస్ మెలనోస్టిక్టస్. భారతీయ ఉభయచర శాస్త్రవేత్త ఎస్.కె.దత్తా గౌరవార్థం 2006లో ఈ ప్రజాతికి డట్టాఫ్రైనస్ అని పేరు పెట్టారు. పాత పుస్తకాలను ఉపయోగించేవారు ఈ మార్పులను గమనించాలి.

కప్పకు, గోదురుకప్పకు గల భేదాలు

శాస్త్రరీత్యా గోదురుకప్పలు కూడా కప్పలలో ఒక భాగమే. అయినా పరిశీలనలో ఈ క్రింది తేడాలు ఉపయోగపడతాయి.

* చర్మం: కప్ప చర్మం సాధారణంగా నునుపుగా, తడిగా ఉంటుంది. గోదురుకప్ప చర్మం పొడిగా, బుడిపెలతో గరుకుగా ఉంటుంది.
* వెనుక కాళ్ళు: కప్పలకు పొడవుగా ఉండి దూరం దూకడానికి ఉపయోగపడతాయి. గోదురుకప్ప కాళ్ళు పొట్టివి. అది చిన్న చిన్న గెంతులు వేస్తుంది, లేదా నడుస్తుంది.
* విషగ్రంథులు: గోదురుకప్ప కళ్ళ వెనుక రెండు ఉబ్బెత్తు గ్రంథులు ఉంటాయి. వీటిని పరోటిడ్ గ్రంథులు అంటారు. శత్రువు నోట కరచుకున్నప్పుడు వీటి నుండి తెల్లని విషద్రవం వస్తుంది.
* గ్రుడ్లు: చాలా కప్పలు గ్రుడ్లను ముద్దలుగా గాని, నీటిపై పలుచని తెట్టువలె గాని పెడతాయి. గోదురుకప్ప గ్రుడ్లు జిగురు దారంలో గుచ్చిన నల్లపూసల వలె వరుసగా ఉంటాయి.

గోదురుకప్పను ముట్టుకుంటే పులిపిర్లు వస్తాయనే నమ్మకం చాలాచోట్ల ఉంది. ఇది నిజం కాదు. పులిపిర్లు మనుషులలో వైరస్ వలన వస్తాయి. గోదురుకప్ప చర్మంపై ఉన్న బుడిపెలు గ్రంథులు మాత్రమే. అయితే దాని విషద్రవం కంటిలోగాని, నోటిలోగాని పడితే మంట కలుగుతుంది కనుక చేతులు కడుగుకోవడం అవసరం.

పరిశీలనకు అనువైన కాలం

తెలుగు ప్రాంతాలలో కప్పలను చూడటానికి వర్షాకాలం అత్యంత అనుకూలమైనది. జూన్ నెలలో మృగశిర, ఆరుద్ర కార్తెలలో పడే తొలి పెద్ద వానలతో వేసవి అంతా నేలలో దాగిన కప్పలు ఒక్కసారిగా బయటకు వస్తాయి. నెల్లూరు, తిరుపతి వంటి దక్షిణ ప్రాంతాలలో ఈశాన్య ఋతుపవనాల వలన అక్టోబరు నుండి డిసెంబరు వరకు కూడా మంచి వానలు ఉంటాయి కనుక అక్కడ రెండవ అవకాశం దొరుకుతుంది.

వేసవిలో కప్పలు ఏమవుతాయి అనే సందేహం విద్యార్థులకు సహజంగా కలుగుతుంది. ఎండాకాలంలో అనేక జాతులు తడి ఇంకా మిగిలిన మట్టిలోనికి, బండల సందులలోనికి వెళ్ళి కదలకుండా ఉండిపోతాయి. దీనిని గ్రీష్మకాల సుప్తావస్థ అంటారు. మట్టి త్రవ్వే జాతులకు వెనుక పాదంపై పార వంటి గట్టి బుడిపె ఉంటుంది. దాని సహాయంతో అవి వెనుకకు జరుగుతూ నేలలో దిగిపోతాయి.

రోజులో చూస్తే, ప్రొద్దుగ్రుంకిన తరువాత రెండు మూడు గంటలు ముఖ్యమైనవి. పగటిపూట గ్రుడ్లను, తోకకప్పలను వెదకవచ్చు. వాన వెలిసిన రాత్రి, గాలి తక్కువగా ఉన్నప్పుడు అరుపులు స్పష్టంగా వినిపిస్తాయి.

అరుపులను బట్టి గుర్తించడం

కప్పల పరిశీలనలో కళ్ళకంటె చెవులు ముఖ్యం. సాధారణంగా మగకప్పలే బిగ్గరగా అరుస్తాయి. ఆడకప్పలను ఆకర్షించడానికి, ఇతర మగకప్పలను దూరంగా ఉంచడానికి ఈ అరుపు ఉపయోగపడుతుంది. గొంతు క్రింద లేదా ప్రక్కల ఉండే స్వరతిత్తి గాలితో ఉబ్బి ధ్వనిని పెంచుతుంది. ప్రతి జాతికి తనదైన అరుపు ఉంటుంది. ఆడకప్ప తన జాతి అరుపును గుర్తించి ఆ వైపు వెళుతుంది. చీకటిలో కలగాపులగంగా వినిపించే ధ్వని నిజానికి నాలుగైదు జాతుల కప్పలు వేరువేరుగా చేస్తున్న పిలుపుల సమ్మేళనం.

క్రొత్తవారు చెరువుగట్టున కనీసం ఐదు నిమిషాలు దీపం ఆర్పి కదలకుండా నిలబడాలి. మనుషుల అలికిడికి కప్పలు అరవడం ఆపివేస్తాయి. అలికిడి తగ్గాక ఒకటి మొదలుపెడితే మిగిలినవి అందుకుంటాయి. ఆ సమయంలో ఎన్ని రకాల అరుపులు వినిపిస్తున్నాయో లెక్కించి, ఒక్కొక్క దానిని చరవాణిలో రికార్డు చేసుకోవచ్చు.

సంఖ్యను అంచనా వేయడానికి ఉత్తర అమెరికాలోని స్వచ్ఛంద పరిశీలకులు ఒక సులభమైన కొలమానం వాడతారు. అది మన దగ్గర కూడా పనికివస్తుంది.

* 0 - అరుపులు లేవు.
* 1 - అరుపుల మధ్య విరామం ఉంది, ఒక్కొక్క కప్పను లెక్కపెట్టవచ్చు.
* 2 - అరుపులు ఒకదానిపై ఒకటి పడుతున్నాయి, అయినా వేరుచేసి వినవచ్చు.
* 3 - విడదీయలేనంతగా ఎడతెగని గోల.

తెలుగు ప్రాంతాలలో కనిపించే కొన్ని జాతులు

సాధారణ గోదురుకప్ప (డట్టాఫ్రైనస్ మెలనోస్టిక్టస్): ఇళ్ళ పరిసరాలలో, వీధి దీపాల క్రింద పురుగుల కోసం కాచుకొని ఉంటుంది. తలపై నల్లని గట్టి అంచులు ఉంటాయి. అరుపు ఆగకుండా సాగే కుర్ర్‌ర్ అనే ధ్వని.

భారతీయ బుల్‌ఫ్రాగ్ (హోప్లోబాట్రాకస్ టైగెరినస్): మన కప్పలన్నిటిలో పెద్దది. సాధారణంగా ఆకుపచ్చ లేదా గోధుమ రంగులో ఉండి వీపుపై పొడవైన మడతలు కలిగి ఉంటుంది. సంతానోత్పత్తి సమయంలో మగకప్ప నిమ్మపండు వంటి పసుపు రంగుకు మారుతుంది. దాని స్వరతిత్తులు నీలంగా ఉంటాయి. తొలివానలకు పొలాలలో కనిపించే పసుపు కప్పలను వింత జంతువులని భావించేవారు ఉన్నారు. అవి ఈ జాతి మగకప్పలే.

నీటిపై ఎగిరే కప్ప (యూఫ్లిక్టిస్ సయనోఫ్లిక్టిస్): దాదాపు ప్రతి చెరువులోను ఉంటుంది. కళ్ళు మాత్రం పైకి ఉంచి నీటిలో తేలుతుంది. బెదిరిస్తే నీటి ఉపరితలం మీదనే వరుసగా గెంతుతూ పోతుంది. ఏడాది పొడవునా నీరు ఉన్నచోట పగటివేళ కూడా చూడవచ్చు కనుక క్రొత్తవారికి ఇది మొదటి పాఠం వంటిది.

పచ్చకప్ప (యూఫ్లిక్టిస్ హెక్సాడాక్టైలస్): తామరాకులు, నాచు గల చెరువులలో నివసించే పెద్ద ఆకుపచ్చ కప్ప. కప్పలలో అరుదైన విధంగా ఇది ఎదిగిన తరువాత నీటిమొక్కలను కూడా ఎక్కువగా తింటుంది.

చెట్టుకప్ప (పాలిపెడేటిస్ మాక్యులేటస్): వేళ్ళ చివర గుండ్రని బిళ్ళలు ఉంటాయి. వాటితో గోడలు, చెట్లు ఎక్కుతుంది. స్నానాల గదులలో, నీటి కుండీల వద్ద తరచు కనిపిస్తుంది. చెక్కను తట్టినట్లు టక్ టక్ మని అరుస్తుంది.

సన్ననోటి కప్ప (మైక్రోహైలా ఆర్నేటా): బొటనవ్రేలి గోరుకంటె కొంచెం పెద్దది. వీపుపై ముదురు రంగు బొమ్మ గీసినట్లు ఉంటుంది. శరీరం చిన్నదైనా దువ్వెన పళ్ళపై గోటితో గీసినట్లు ఉండే దీని అరుపు చాలా దూరం వినిపిస్తుంది.

బెలూన్ కప్ప (యూపెరోడాన్ సిస్టోమా): గుండ్రని శరీరం, చిన్న తల గల ఈ కప్ప సంవత్సరంలో ఎక్కువ కాలం నేలలోనే ఉంటుంది. చెదపురుగులు, చీమలు దీని ఆహారం. భారీవర్షం కురిసిన కొద్ది రాత్రులు మాత్రమే బయట కనిపిస్తుంది.

వీటితో పాటు మట్టిలో దాగే స్ఫీరోథీకా ప్రజాతి కప్పలు, వరిపొలాలలో కీచురాళ్ళతో పోటీపడి అరిచే మినర్వేరియా ప్రజాతి కప్పలు కూడా సాధారణమే.

నల్లమల, శేషాచలం, పాపికొండలు, విశాఖపట్నం సమీపంలోని కంబాలకొండ, హైదరాబాదులోని కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ ఉద్యానం, చిలుకూరు వద్ద మృగవని వంటి రక్షిత ప్రాంతాలు ఉభయచరాలకు కూడా ఆశ్రయాలే. తూర్పు కనుమల నుండి 2013లో గెజెనియోఫిస్ ఓరియెంటాలిస్ అనే క్రొత్త సిసీలియన్ జాతిని శాస్త్రవేత్తలు వర్ణించారు. మన కొండలలో తెలుసుకోవలసినది ఇంకా మిగిలి ఉందనడానికి ఇది నిదర్శనం.

గ్రుడ్లు, తోకకప్పలు

రాత్రి తిరగడం వీలుకాని విద్యార్థులకు గ్రుడ్లు, తోకకప్పల పరిశీలన చక్కని మార్గం. వాన పడిన మరుసటి ఉదయం నీటిగుంటల అంచులను చూడాలి. నీటిమొక్కల చుట్టూ చుట్టుకున్న జిగురు దారాలు గోదురుకప్పవి. నీటికి పైన వ్రేలాడే ఆకుకు గాని, తొట్టి గోడకు గాని అంటుకొని తెల్లని నురుగు ముద్ద కనిపిస్తే అది చెట్టుకప్ప గూడు. నురుగులోని గ్రుడ్లు ఎండిపోకుండా ఉంటాయి. పొదిగిన పిల్లలు క్రింది నీటిలోనికి జారిపడతాయి.

గోదురుకప్ప తోకకప్పలు నల్లగా ఉండి గుంపులుగా ఈదుతాయి. సన్ననోటి కప్ప పిల్లలు అద్దం వలె పారదర్శకంగా ఉంటాయి. బుల్‌ఫ్రాగ్ తోకకప్పలు ఇతర తోకకప్పలను పట్టి తింటాయి. తోకకప్ప మొదట మొప్పలతో శ్వాసిస్తుంది. తరువాత వెనుక కాళ్ళు బయటకు వస్తాయి, పిమ్మట ముందు కాళ్ళు వస్తాయి. తోక ఊడిపడదు. అది క్రమంగా శరీరంలో ఇమిడిపోతుంది. ఈ మార్పునే రూపవిక్రియ అంటారు. వానగుంట ఎండిపోయేలోగా ఇది పూర్తి కావాలి. కాకపోతే ఆ తరం పిల్లలు మొత్తం నశిస్తాయి. ఒకే గుంటను వారానికి రెండుసార్లు చూసి, నీటి లోతును, తోకకప్పల దశను వ్రాసుకుంటే ఈ పరుగుపందెం ఎలా ముగిసిందో తెలుస్తుంది.

సాలమాండర్లు

ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో సాలమాండర్లు లేవు. ఇక్కడ సాలమాండర్ అని చూపించేది సాధారణంగా ఏదో ఒక బల్లి లేదా నలికిరి అయి ఉంటుంది. తేడా తెలుసుకోవడం సులభం. బల్లికి పొలుసులు, గోళ్ళు ఉంటాయి. సాలమాండర్‌కు పొలుసులు ఉండవు, వేళ్ళకు గోళ్ళు ఉండవు, చర్మం తడిగా ఉంటుంది.

భారతదేశంలో సాలమాండర్ల బంధువైన న్యూట్‌ను చూడాలంటే తూర్పు హిమాలయాలకు, ఈశాన్య రాష్ట్రాలకు వెళ్ళాలి. పశ్చిమ బెంగాల్‌లోని డార్జిలింగ్ జిల్లాలో సుఖియాపోఖ్రీ సమీపాన జోర్ పోఖ్రీ అనే చిన్న అభయారణ్యం ఉంది. జోర్ పోఖ్రీ అంటే జంట చెరువులు అని అర్థం. సముద్రమట్టానికి 2,200 మీటర్లకు పైగా ఎత్తున ఉన్న ఈ స్థలం హిమాలయ న్యూట్ వలననే ప్రసిద్ధి పొందింది. దీని వైశాల్యం 0.04 చదరపు కిలోమీటర్లు మాత్రమే. అనగా దాదాపు పది ఎకరాలు. ఒక జీవిని కాపాడటానికి వేల ఎకరాల అడవి ఉండి తీరాలనేమీ లేదని, సరియైన చోట రెండు చెరువులను కాపాడినా ఫలితం ఉంటుందని ఇది తెలుపుతున్నది.

ఈ న్యూట్ ముదురు గోధుమ రంగులో, బుడిపెల వరుసలతో, ప్రక్కలకు నొక్కినట్లుండే తోకతో ఉంటుంది. చలికాలంలో రాళ్ళ క్రింద, మట్టిలో దాగి, ఋతుపవనాల రాకతో నీటికి చేరుతుంది. కప్పల వలె ఇది గట్టిగా అరవదు. కనుక దీనిని వినడం కాదు, నిదానంగా నీటిలోకి చూస్తూ వెదకాలి. టైలోటోట్రైటాన్ వెరుకోసస్ అనే జాతిని 1871లో వర్ణించారు. డార్జిలింగ్, నేపాల్ ప్రాంతాల న్యూట్‌లను 2015లో టైలోటోట్రైటాన్ హిమాలయానస్ అనే వేరు జాతిగా గుర్తించారు.

సాలమాండర్ జాతులు ఎక్కువగా ఉన్నది ఉత్తర అమెరికాలో. అక్కడి తూర్పు రాష్ట్రాలలో మంచు కరిగి తొలి వెచ్చని వాన పడిన రాత్రి, నల్లని శరీరంపై పసుపు చుక్కలు గల చుక్కల సాలమాండర్లు అడవి నుండి తాత్కాలిక నీటిగుంటలకు బారులుగా తరలి వెళతాయి. చేపలు ఉండవు కనుక ఆ గుంటలు గ్రుడ్లకు సురక్షితమైనవి. దారిలో వాహనాల క్రింద పడి చావకుండా మాసచూసెట్స్ రాష్ట్రంలోని ఆమ్హర్స్ట్ పట్టణంలో 1987లో రహదారి క్రింద వాటి కోసం చిన్న సొరంగాలు నిర్మించారు. చాలా ఊళ్ళలో స్వచ్ఛంద కార్యకర్తలు ఆ రాత్రి టార్చిలైట్లతో నిలబడి వాటిని రోడ్డు దాటిస్తారు. అమెరికా తూర్పు తీర రాష్ట్రాలలో నివసించే తెలుగు కుటుంబాలకు కూడా ఈ దృశ్యం ఇంటికి దగ్గరలోనే దొరుకుతుంది.

వివరాల నమోదు

చూసినది వ్రాయకపోతే అది జ్ఞాపకంగానే మిగులుతుంది. వ్రాస్తే సమాచారం అవుతుంది. ప్రతి పరిశీలనకు ఈ క్రింది అంశాలు నమోదు చేయాలి.

* తేదీ, ప్రారంభించిన సమయం, ముగించిన సమయం
* స్థలం, వీలైతే అక్షాంశ రేఖాంశాలు
* వాతావరణం: వాన, గాలి, ఉష్ణోగ్రత, చివరగా వాన పడిన రోజు
* నీటి స్థితి: లోతు, నాచు, చేపలు ఉన్నవా లేవా
* చూసిన లేదా విన్న జాతులు, అరుపుల కొలమానం
* గ్రుడ్లు, తోకకప్పలు, రోడ్డుపై చనిపోయినవి
* జాతి తెలియకపోతే ఫోటో లేదా ధ్వని సంఖ్య

నమూనాకు ఒక నమోదు ఇలా ఉంటుంది: "జూన్ 14, రాత్రి 7.40 నుండి 8.20 వరకు. చెరువు తూము దగ్గర. సాయంత్రం గంటసేపు వాన. గాలి లేదు. బుల్‌ఫ్రాగ్ 2, సన్ననోటి కప్ప 3, చెట్టుకప్ప 1. గోదురుకప్ప వినిపించలేదు, రోడ్డుపై చనిపోయినవి 4."

ఏమీ కనిపించని రోజును కూడా తప్పక నమోదు చేయాలి. వినిపించలేదు అనే మాట కూడా సమాచారమే. ఒకే స్థలాన్ని, ఒకే పద్ధతిలో, కొన్ని సంవత్సరాల పాటు చూసినప్పుడే మార్పులు బయటపడతాయి. భారత జీవవైవిధ్య పోర్టల్, ఐనేచురలిస్ట్ వంటి వెబ్‌సైట్లలో ఫోటోలు చేర్చితే ఇతర పరిశీలకులు జాతిని గుర్తించడంలో సహాయపడతారు.

జాగ్రత్తలు

* రాత్రిపూట ఒంటరిగా వెళ్ళరాదు. విద్యార్థుల వెంట పెద్దవారు ఉండాలి.
* కప్పలు ఉన్నచోటికి పాములు కూడా వస్తాయి. మోకాలి వరకు బూట్లు ధరించి, ప్రతి అడుగు వెలుతురులో వేయాలి. చేతిని పొదలలో, కన్నాలలో పెట్టరాదు.
* లోతు తెలియని నీటిలో దిగరాదు.
* జాతీయ ఉద్యానాలు, అభయారణ్యాలలో ప్రవేశం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నియంత్రితం. రాత్రి పరిశీలనకు అటవీశాఖ అనుమతి తప్పనిసరిగా తీసుకోవాలి.
* కప్పలను వీలైనంతవరకు ముట్టుకోరాదు. దోమల మందు, సబ్బు అంటిన చేతులు వాటి చర్మానికి హాని చేస్తాయి.
* తిరగవేసిన రాయిని, దుంగను మరల అదే స్థితిలో ఉంచాలి. దాని క్రింది తడి మరొక జీవికి ఇల్లు.
* ఒక చెరువు నుండి మరొక చెరువుకు వెళ్ళేముందు బూట్లను కడిగి ఆరబెట్టాలి. వ్యాధి కారక శిలీంధ్రాలు బురదతో ప్రయాణిస్తాయి.
* కప్పలను, తోకకప్పలను ఒక చోటి నుండి తెచ్చి మరొక చోట వదలరాదు.

చివరి నియమానికి గట్టి కారణం ఉంది. ప్రధాన భూభాగానికి చెందిన భారతీయ బుల్‌ఫ్రాగ్ మనుషుల వలన అండమాన్ దీవులకు చేరి, గత దశాబ్దాలలో అక్కడ విస్తరించి, స్థానిక జీవులకు ముప్పుగా మారింది. మన ఇళ్ళ ముందు కనిపించే సాధారణ గోదురుకప్ప మడగాస్కర్ దీవికి చేరి అక్కడి జంతువులకు హాని కలిగిస్తున్నది. సొంత ఊరిలో మేలు చేసే జీవి పరాయిచోట కీడు చేయవచ్చు.

పరిశీలన ఎందుకు అవసరం

కోస్టారికా దేశంలోని మాంటెవెర్డె అడవిలో బంగారు గోదురుకప్ప అనే జాతి ఉండేది. 1987లో పరిశీలకులు 1,500కు పైగా కప్పలను లెక్కించారు. 1988లో వెదికితే పది మాత్రమే కనిపించాయి. 1989లో ఒకే ఒక మగకప్ప కనిపించింది. ఆ తరువాత ఆ జాతిని చూసినవారు లేరు. ఇది అంతరించినట్లు ప్రకటించబడింది. ఏటా లెక్క వ్రాసినవారు ఉండబట్టే అది ఎంత వేగంగా మాయమైనదో ప్రపంచానికి తెలిసింది.

ఇటువంటి క్షీణత అనేక దేశాలలో జరుగుతున్నది. 2023లో వెలువడిన ప్రపంచ ఉభయచర అంచనా ప్రకారం ప్రతి ఐదు ఉభయచర జాతులలో రెండు ముప్పులో ఉన్నాయి. సాలమాండర్లలో అయితే ఐదింట మూడు. వెన్నెముక గల జంతువుల తరగతులలో ఇంత ముప్పు ఎదుర్కొంటున్నది మరొకటి లేదు. నివాసాలు నశించడం, వాతావరణ మార్పు, వ్యాధులు ఇందుకు ముఖ్య కారణాలు. చర్మానికి సోకే కైట్రిడ్ అనే శిలీంధ్రాన్ని 1999లో వర్ణించారు. ఈ వ్యాధి వలన 501 జాతులు క్షీణించాయని, వాటిలో 90 అంతరించి ఉండవచ్చని 2019లో ప్రచురితమైన ఒక అధ్యయనం లెక్కకట్టింది. సాలమాండర్లకు సోకే మరొక శిలీంధ్రాన్ని 2013లో గుర్తించారు.

మన దేశంలో మరొక అనుభవం ఉంది. కప్పకాళ్ళ ఎగుమతి కోసం 1980ల వరకు ఏటా పెద్ద ఎత్తున బుల్‌ఫ్రాగ్‌లను, పచ్చకప్పలను పట్టి చంపేవారు. పొలాలలో పురుగులను తినే కప్పలు తగ్గిపోతున్నాయనే ఆందోళన వ్యక్తమైంది. 1985లో ఈ రెండు జాతులను అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ ఒడంబడిక అనుబంధంలో చేర్చారు. 1987లో భారత ప్రభుత్వం కప్పకాళ్ళ ఎగుమతిని నిషేధించింది.

ఎగుమతి ఆగినా ముప్పు తొలగలేదు. చెరువులు పూడ్చి ఇళ్ళ స్థలాలు చేయడం, గట్లకు సిమెంటు వేయడం, పొలాలలో పురుగుమందులు అధికంగా వాడటం, వానరాత్రుల వాహనాల రద్దీ ఇప్పటికీ కప్పలను తగ్గిస్తున్నాయి. ఒక చెరువులో ముప్పై ఏళ్ళ క్రితం ఏయే కప్పలు ఉండేవి అని అడిగితే చాలా ఊళ్ళలో వ్రాతపూర్వకమైన సమాధానం దొరకదు. పెద్దవారు వెనుక కప్పల గోలకు నిద్ర పట్టేది కాదు అని చెబుతారు. ఎన్ని జాతులు, ఏ నెలలో అనేది మాత్రం ఎవరూ వ్రాసి ఉంచలేదు. నేటి విద్యార్థులు వ్రాసే నోటుపుస్తకం ముప్పై ఏళ్ళ తరువాతి వారికి ఆ సమాధానం కాగలదు.

పాఠశాలలలో

ఒకప్పుడు విద్యార్థులు కప్పను కోసి పరిశీలించేవారు. ఇప్పుడు ఆ పద్ధతి చాలావరకు తొలగిపోయింది. బ్రతికి ఉన్న కప్పను పరిశీలించడం ద్వారా శ్వాసక్రియ, జీవిత చక్రం, ఆహార గొలుసు, ఋతువులు, ధ్వని వంటి పాఠాలను ప్రత్యక్షంగా బోధించవచ్చు. బడి ఆవరణలో చేపలు వేయని ఒక చిన్న నీటిగుంటను, చుట్టూ గడ్డిని, కొన్ని రాళ్ళను ఏర్పరచితే వానాకాలంలో కప్పలు వాటంతట అవే వస్తాయి. దోమల లార్వాలను తినే తూనీగ పిల్లలు కూడా అటువంటి గుంటలో చేరతాయి.

సంస్కృతిలో కప్ప

వానకు, కప్పకు గల సంబంధాన్ని మన పూర్వులు బాగా గమనించారు. ఋగ్వేదం ఏడవ మండలంలో కప్పలను స్తుతించే సూక్తం ఉంది. తెలుగు పల్లెలలో వానలు ఆలస్యమైనప్పుడు రోకలికి కప్పను కట్టి, వేపరెమ్మలు అలంకరించి, ఇంటింటికి తిరిగి నీళ్ళు పోయించుకొనే కప్పకావిడి, కప్పతల్లి వేడుకలు ఉన్నాయి. కప్పల పెళ్ళి కూడా ఇటువంటిదే. ఈ వేడుకలలో కప్పకు గాయం కాకుండా చూసి తిరిగి నీటిలో వదలడం మంచిది. నూతిలో కప్ప, కప్పల తక్కెడ వంటి నానుడులు కూడా పరిశీలన నుండి పుట్టినవే. తక్కెడలో వేసిన కప్పలు ఒకచోట నిలువవని కప్పను పట్టి చూసినవారికే తెలుస్తుంది.

ఇవి కూడా చూడండి

* ఉభయచరాలు
* కప్ప
* రూపవిక్రియ
* తూర్పు కనుమలు
* ఋతుపవనాలు